స్వరము తప్పకూడదు, గొంతు పోకూడదు



భద్రాచలము అవతల, అడవి అంచున ఉన్న ఒక సంఘము నుండి యౌవనస్థులు వ్రాసిన ఉత్తరము ఈ నెల మాకు అందింది. దాని సారాంశము ఇది: "మా సంఘానికి ఒకరు పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు. దానిలో పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాము. క్రిస్మస్ నాటికి మా పాటలకు మేమే ట్రాకులు చేసుకోవాలని ఆశ. అయితే మేము పెట్టే స్వరములలో అపస్వరములు దొర్లుతున్నాయి. స్కేలు దాటకుండా స్వరములను కట్టిపెట్టే మార్గము సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నదట. దానిని ఎలా వాడాలి? ఇంకొక మాట. యంత్రము సరిదిద్దిన పాట ఆరాధన కాదని మా పెద్దలు అంటున్నారు. ఎవరి మాట సరియైనది?"

ఉత్తరము చదివి మేము చాలాసేపు ఊరకున్నాము. ఈ విషయములో మేము ఒకసారి పెద్ద తప్పు చేశాము. దానిని దాచిపెట్టి మీకు పాఠము చెప్పడము న్యాయము కాదు. ముందు మీరు అడిగిన పని ఎలాగో చెబుతాము, తరువాత మా తప్పు సంగతి కూడ చెబుతాము. రెండూ చదివిన తరువాత మీ పెద్దలతో కూర్చుని మాట్లాడుకోండి.

స్కేలు అంటే ఏమిటి?

హార్మోనియం చూడండి. ఒక షడ్జమము నుండి పై షడ్జమము వరకు తెల్లవి నల్లవి కలిపి పన్నెండు మెట్లు ఉంటాయి. ఏ పాటైనా ఈ పన్నెండింటిని ఒకేసారి వాడుకోదు. కొన్ని పాటలు ఏడు మెట్లు ఏరుకుంటాయి, కొన్ని ఐదే ఏరుకుంటాయి. ఇలా ఏరుకున్న వరుసనే కీబోర్డు వాయించేవారు స్కేలు అంటారు. మోహన రాగములో స, రి, గ, ప, ద అను ఐదు స్వరములే ఉన్నాయి. శంకరాభరణములో ఏడూ ఉన్నాయి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉండడము మీరు చూచే ఉంటారు. చాలామంది ఆ చిన్న అక్షరములను దాటిపోయి మొదటి చరణానికి వెళ్తారు. కాని ట్రాక్ చేసేవాడు మొదట చదవవలసినది ఆ పంక్తినే.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఎఫ్‌ఎల్ స్టూడియో, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్ వంటి వాటిలో పియానో రోల్ అను ఒక తెర ఉంటుంది. ఎడమ ప్రక్క కీబోర్డును నిలువుగా నిలబెట్టినట్టు కనబడుతుంది. దాని కుడివైపు గళ్ళ కాగితము వంటిది పరచుకొని ఉంటుంది. గడిలో ఒక గీత పెడితే ఆ వరుసలోని స్వరము మ్రోగుతుంది. పొడుగు గీత పెడితే పొడుగు స్వరము.

కంప్యూటరుకు స్వరమనగా ఒక సంఖ్య. 1983లో వచ్చిన మిడి అను ఏర్పాటు ప్రకారము స్వరములకు 0 నుండి 127 వరకు సంఖ్యలు ఇచ్చారు. కీబోర్డు నడిమి సి మెట్టు 60, దాని ప్రక్కనున్న నల్ల మెట్టు 61, ఆ తరువాత డి 62. మీరు "సి మేజర్" అని స్కేలు ఎంచుకుంటే, 60 ఉండవచ్చును, 61 ఉండకూడదు, 62 ఉండవచ్చును అని సాఫ్ట్‌వేర్ ఒక పట్టీ వ్రాసుకుంటుంది. అంతకంటె మర్మము ఏమియు లేదు.

ఆ పట్టీని అది మూడు విధములుగా వాడుతుంది. మొదటిది, చూపించడము. స్కేలులో ఉన్న వరుసలు ఒక రంగులో, లేనివి వేరొక రంగులో కనబడతాయి. తప్పు పెట్టాలంటే పెట్టవచ్చును గాని కన్ను హెచ్చరిస్తుంది. రెండవది, బలవంతము చేయడము. మీరు 61 మీద పెట్టినా అది జరిగి 60 మీదకో 62 మీదకో వెళ్తుంది. మూడవది, గొంతును సరిదిద్దడము. పాడిన స్వరము స్కేలుకు కొంచెము ఎక్కువైనా తక్కువైనా దగ్గరి మెట్టుకు లాగుతుంది. 1997లో వచ్చిన ఆటో ట్యూన్ ఈ పనికి పేరు పొందింది. దానిని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్‌గారు అంతకుముందు భూమిలోనికి శబ్ద తరంగములు పంపి నూనె నిక్షేపములు వెదికే పనిలో ఉన్న ఇంజనీరు. నేడు ఫోనులో ఉచితముగా దొరికే బ్యాండ్‌ల్యాబ్‌లో కూడ ఇటువంటి సౌకర్యము ఉన్నది.

చేను చుట్టూ కంచె వేసుకునే కుటుంబములు మనవి. పశువులు పడకుండ కంచె కావలసినదే. అయితే కంచె వేసినంత మాత్రాన పంట పండదు. మరియొకటి, గట్టు ఎక్కడున్నదో చూడక కంచెను లోపలికి జరిపి వేస్తే మన చేనే మనకు బయట పడిపోతుంది. స్కేలు కూడ అటువంటిదే. అది ఎక్కడ పొరపాటుగా పడుతుందో నాలుగు చోట్లు చెబుతాము.

కంచె ఎక్కడ తప్పుతుంది?

మొదటి చోటు షడ్జమము. చాలామంది పిల్లలు "తెల్లమెట్లన్నీ వాడితే స్కేలు తప్పదు" అనుకుంటారు. తప్పదు నిజమే, కాని రాగము తప్పవచ్చును. సి నుండి సి వరకు తెల్లమెట్లు వాయిస్తే శంకరాభరణము. అవే మెట్లు డిని షడ్జమముగా పెట్టుకొని వాయిస్తే ఖరహరప్రియ. ఇ నుండి తోడి, ఎఫ్ నుండి కల్యాణి, జి నుండి హరికాంభోజి, ఎ నుండి నటభైరవి. మెట్లు అవే, షడ్జమము మారగానే పాట ముఖము మారిపోతుంది. కావున సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్నకు, అనగా ఏ స్వరము నుండి అన్న ప్రశ్నకు, తొందరపడి జవాబు ఇవ్వకండి. పాట ఎక్కడ వచ్చి విశ్రమిస్తుందో చెవితో వినండి.

అందులోని పేర్లు ఇంగ్లీషు పేర్లు గనుక ఈ జాబితా వ్రాసి గోడకు అంటించుకోండి. శంకరాభరణానికి మేజర్, నటభైరవికి నేచురల్ మైనర్, ఖరహరప్రియకు డోరియన్, హరికాంభోజికి మిక్సోలిడియన్, కల్యాణికి లిడియన్, తోడికి ఫ్రిజియన్, మోహనానికి మేజర్ పెంటటోనిక్, శుద్ధ ధన్యాసికి మైనర్ పెంటటోనిక్, మాయామాళవగౌళకు డబుల్ హార్మోనిక్ అని ఉంటుంది. మెట్ల మట్టుకు ఇవి సరిపోతాయి. రాగమంతా ఆ పేరులో ఉన్నదని అనుకోకూడదు.

రెండవ చోటు ఎక్కే దారి, దిగే దారి. బిలహరి రాగము ఎక్కేటప్పుడు స, రి, గ, ప, ద, స అని ఐదు స్వరములతో ఎక్కుతుంది. దిగేటప్పుడు స, ని, ద, ప, మ, గ, రి, స అని ఏడింటితో దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మేజర్ పెట్టారనుకోండి, ఏడు వరుసలూ వెలుగుతాయి. ఎక్కేటప్పుడు మధ్యమము పెట్టినా అది కాదనదు. దాని లెక్కకు తప్పు లేదు, కాని బిలహరి అక్కడ లేకుండ పోయింది. ఏ మెట్లు ఉన్నాయో ఆ పట్టీ చెబుతుంది గాని, ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు నడవాలో చెప్పదు.

మూడవ చోటు అతిథి స్వరము. కాంభోజి రాగము హరికాంభోజిలో పుట్టినది. దాని నిషాదము కైశికి నిషాదము. అయితే కొన్ని ప్రయోగములలో కాకలి నిషాదము వచ్చి పలకరించి వెళ్తుంది. సంగీతము తెలిసినవారు దానిని అన్యస్వరమంటారు, అది రాగానికి అందము. సాఫ్ట్‌వేర్ దానిని దొంగ అనుకొని బయటకు గెంటుతుంది. మిక్సోలిడియన్ పెట్టి బలవంతము చేసే మీట నొక్కితే ఆ నిషాదము షడ్జమముగానో కైశికిగానో మారిపోతుంది. పాడిన పెద్దమ్మ తప్పు పాడలేదు. లెక్క వ్రాసిన పట్టీ చిన్నది.

నాలుగవ చోటు మెట్టుకు మెట్టుకు మధ్యనున్న జాగా. కీబోర్డులో ప్రక్కప్రక్క మెట్ల మధ్య దూరమును నూరు సెంట్లుగా లెక్కిస్తారు. ఆ లెక్కన అంతర గాంధారము షడ్జమము నుండి 400 సెంట్ల దూరములో ఉంటుంది. అయితే తంబురా తీగలో సహజముగా వినబడే గాంధారము 386 సెంట్ల దగ్గర ఉంటుంది. అనగా కీబోర్డు మెట్టే పదునాలుగు సెంట్లు హెచ్చు. మన గొంతు ఆ మధ్య జాగాలో ఊగుతుంది, జారుతుంది, ఆగుతుంది. ఆ ఊపునే గమకమంటారు. ఇందుచేతనే 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించింది, గమకము పలకదని. 1971 వచ్చేవరకు ఆ కట్టడి సడలలేదు. అయినా మన పల్లె గుడులలో హార్మోనియం చేరి మన ఇంటిదైపోయింది. దాని పరిమితి తెలిసి, దాని మీదుగా గొంతెత్తి పాడిన తల్లులే దానిని మనదిగా చేశారు. సాఫ్ట్‌వేర్ విషయములో కూడ ఇదే జరగవచ్చును. అయితే హార్మోనియం మన గొంతును ఎన్నడూ మార్చలేదు. సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. తేడా అక్కడ ఉన్నది.

మేము చేసిన తప్పు

మూడు సంవత్సరముల క్రిందట వేసవిలో దుమ్ముగూడెము మండలములోని ఒక చిన్న సంఘములో ఐదు దినములు పాటల తరగతి పెట్టాము. పగలు ఎండ, రాత్రి కరెంటు కోత. ల్యాప్‌టాప్ ఛార్జి ఉన్నంతవరకే పాఠము. పదవ తరగతి పరీక్షలు వ్రాసి వచ్చిన ఒక పిల్లవాడు అందరికంటె చురుకుగా నేర్చుకున్నాడు. వాని నాయనమ్మ శబరి ఏటి అవతల పుట్టి ఈ ఊరికి కోడలుగా వచ్చిన కోయ స్త్రీ. అక్షరములు రావు. తప్పిపోయిన కుమారుని కథను ఆమె ఐదు చరణములుగా కట్టి, నాట్ల వేళ పాడుకునే వరుసలో పాడేది. తెలుగు మాటల మధ్య కోయ మాటలు వచ్చేవి. మూడవ దినమున ఆమెను చాప మీద కూర్చోబెట్టి ఆ పాట రికార్డు చేశాము.

ఆమె పాట ఐదు స్వరముల లోపలే నడిచింది. అయితే ప్రతి చరణము చివర, తండ్రి కొడుకును దూరము నుండి చూచేచోట, గాంధారము కొంచెము క్రిందికి జారి, కీబోర్డులోని రెండు గాంధారముల మధ్య ఎక్కడో నిలిచేది. ఆ మెట్టు హార్మోనియంలో లేదు. మేము పిల్లలతో, "స్కేలు మోహనము, గాంధారము తక్కువ పడింది, సరిచేయండి" అని చెప్పాము. సరిదిద్దే వేగమును సున్నాకు పెట్టించాము. సున్నా పెడితే జారుడు ఏమాత్రము మిగలదు, స్వరము మెట్టు మీదకు గభాలున దూకుతుంది. అంతటితో ఆగక, "ల్యాప్‌టాప్‌లో జాగా నిండిపోతోంది, అసలువి తీసివేయండి" అని కూడ మేమే చెప్పాము.

సాయంకాలము తయారైన పాటను ఆమెకు వినిపించాము. తబల, కీబోర్డు, తీగల శబ్దము, అన్నీ చక్కగా అమిరాయి. ఆమె తల వంచుకొని విన్నది.

"ఇది నా గొంతేనా బిడ్డా?" అని మనుమని అడిగింది.

"నీదే నాయనమ్మా. తప్పులు తీసేసినం, అంతే."

"తప్పులు తీసేసిండ్రు, సరే. ఆ తండ్రి ఏడుపు గూడ తీసేసిండ్రేంది?"

అందరూ నవ్వారు, మేమును నవ్వాము. ఆ మాట మాకు ఆ దినమున అర్థము కాలేదు.

ఆ సంవత్సరము చలికాలములో ఆమె ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమములో ఆ పాట వేశారు. చరణము చివర గాంధారము నిటారుగా నిలబడి పెళ్ళి పాటవలె వినబడింది. ఆమె కుమార్తె మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మ పాడింది ఇట్ల గాదు. అసలుది ఉన్నదా?" అని అడిగింది. లేదు. ల్యాప్‌టాప్ అంతా వెదికాము, లేదు. చివరకు ఆమె చిన్న కోడలి ఫోనులో రెండు చరణములు దొరికాయి. చేటలో బియ్యము చెరుగుతూ పాడుతున్నది. వెనుక కోడి కూస్తున్నది. తండ్రి కొడుకును చూచేచోట ఆ గాంధారము జారి నిలిచింది. మిగిలిన మూడు చరణములకు మాటలు మిగిలాయి, ఆ జారుడు మిగలలేదు.

ఈ నేరము యంత్రముది కాదు. పిల్లవానిదియు కాదు. మాది.

ఈ ప్రాంతపు పాట

మన ప్రాంతమునకు సువార్త వచ్చిన విధము ఒకసారి గుర్తు చేసుకొనుడి. 19వ శతాబ్దము నడుమ గోదావరిపై పడవలు నడిచేందుకు దుమ్ముగూడెములో పనులు జరుగుతున్నప్పుడు, అక్కడి ఇంజనీరు హేగ్ దొరగారి కాలములో చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను మొదలైనది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు ఈ భద్రాచలము, రేకపల్లి తాలూకాల ప్రజలను గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసములు వ్రాశారు. ఆ శతాబ్దములోనే లూకా సువార్త కోయభాషలోనికి వచ్చింది. ప్రజల భాష నేర్చుకొనక వారికి సువార్త చెప్పలేమని ఆ దొరలు గ్రహించారు.

పాట విషయములోను అంతే. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మన రాగములలో, మన తాళములలో కీర్తనలు కట్టబట్టి అవి పొలముల వరకు నడిచాయి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు, ఆరాధన ఈ దేశపు పాటలో, ఈ దేశపు రూపములో ఉండాలని కోరారు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయము కట్టడములోనే ఆ కోరిక కనబడుతుంది.

ఈ అడవిలో పాట కాగితము మీద కంటె గొంతులోనే ఎక్కువగా బ్రతికింది. రేల పాటలు గాని, కొమ్ము నాట్యపు డోలు దరువులు గాని ఎవరును స్వరములు వ్రాసి దాచలేదు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయల చరిత్రలను డోలి వాయిస్తూ గానము చేసినందుకు 2022లో పద్మశ్రీ పొందారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఇట్టి గొంతులు ఒక్కొక్కటే వెళ్లిపోతున్న కాలములో, మిగిలినదానిని స్కేలుకు సరిపెట్టి అసలుదానిని పారవేయడము ఎంత నష్టమో ఆలోచించండి.

అయితే స్కేలు వద్దా?

వద్దని మేము అనుట లేదు. మీ పెద్దలు కూడ ఇక్కడ కొంచెము ఆలకించాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో, పిల్లనగ్రోవి గాని వీణె గాని స్వరముల భేదము తెలియజేయకపోతే ఏమి వాయించుచున్నారో ఎవరికి తెలియునని అడుగుతాడు. ఆత్మతోను పాడవలెను, మనస్సుతోను పాడవలెనని అదే అధ్యాయములో బోధిస్తాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో దేవుని మందిరపు గాయకులు 288 మంది. వారందరూ నేర్పు పొందినవారని అక్కడ చదువుతాము. భక్తి ఉంటే అపస్వరమైనా ఫరవాలేదని లేఖనము ఎక్కడా మనకు సెలవు ఇవ్వలేదు. నేర్చుకోవడము కూడ ఆరాధనలో భాగమే. పట్టణములో సంగీతము మాస్టరుకు ఫీజు కట్టలేని పల్లె పిల్లవానికి, తెరమీద వెలిగే వరుసలు మాస్టరు చేయవలసిన పనిలో కొంత చేస్తాయి. దానిని మేము చిన్నచూపు చూడము.

యౌవనస్థులారా, మీరు చేయవలసిన క్రమము ఇది.

మొదట, ల్యాప్‌టాప్ తెరవకముందు పాటను కీబోర్డు లేకుండ సంఘముచేత పాడించండి. స్త్రీలు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ ఎత్తుకోనివ్వండి. ఆ షడ్జమమును వెదికి పట్టుకొని దానినే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. అది రెండు మెట్ల మధ్య పడితే, సంఘమును జరపకండి, సాఫ్ట్‌వేర్ శ్రుతిని కొన్ని సెంట్లు జరపండి. ఆ సౌకర్యము చాలా సాఫ్ట్‌వేర్లలోను, చాలా కీబోర్డులలోను ఉన్నది.

రెండవది, పాట ఎక్కే స్వరములు ఒక పంక్తిలో, దిగే స్వరములు ఒక పంక్తిలో కాగితము మీద వ్రాసుకోండి. కీర్తన అయితే పుస్తకములోని రాగము పేరుతో సరిచూచుకోండి.

మూడవది, స్కేలును చూపించే మీట వేసుకోండి, బలవంతము చేసే మీట తీసి ఉంచండి. వ్రేళ్ళు తిరుగని క్రొత్తవారు అభ్యాసము చేసేటప్పుడు, కీబోర్డు తీగల భాగములు పెట్టేటప్పుడు బలవంతపు మీట వాడినా నష్టము లేదు. నాలుగు వారములైన తరువాత దానిని తీసివేసి చెవితో పెట్టి చూడండి. అప్పుడు మీరు నేర్చుకున్నది ఎంతో తెలుస్తుంది.

నాలుగవది, వరుసకు బయట స్వరము వినబడినప్పుడు వెంటనే చెరిపివేయకండి. పాడినవారిని మరల రెండుసార్లు పాడమనండి. ఒక్కసారే వస్తే పొరపాటు కావచ్చును. మూడుసార్లును అక్కడే, అలాగే వస్తే అది పాట. దానికి మీ పట్టీలో చోటు చేయండి.

ఐదవది, గొంతును సరిదిద్దేది ట్రాకుతో పాడే మీ గొంతుల మీద మితముగా వాడుకోండి. వేగమును సున్నాకు పెట్టకండి. పెద్దల గొంతు మీద అసలే వాడకండి.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఎవరు పాడినా అసలు రికార్డును ముందు వేరొకచోట దాచండి. ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరొకరి ఇంటి ఫోనులో. పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి పెట్టండి. జాగా చాలకపోతే సినిమాలు తీసివేయండి గాని నాయనమ్మను తీసివేయకండి.

పెద్దలకు ఒక మనవి. పిల్లలు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు గుమ్మములో నిలబడి గొణగకండి, లోపలికి వచ్చి ప్రక్కన కూర్చోండి. ఆ స్వరము ఎందుకు అక్కడ జారుతుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మీకు తెలుసు. మీరు చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

చివరిగా ఒక పరీక్ష. ట్రాక్ పూర్తి అయిన తరువాత ఒక ఆదివారము కరెంటు లేనట్టు ఎంచి దానిని ఆపివేసి, అదే పాట సంఘము చేత పాడించండి. సంఘము మునుపటికంటె ధైర్యముగా పాడితే మీ ట్రాక్ మేలు చేసింది. నోళ్ళు మూతపడి అందరూ స్పీకరు వైపు చూస్తే, ట్రాక్ ఎంత శ్రావ్యముగా ఉన్నా అది సంఘము నోటిలోని పాటను తీసుకొన్నది.

ఆ పిల్లవాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు బాలబాలికలకు నాయనమ్మ పాట నేర్పుతున్నాడు. మొదట ఫోనులోని రెండు చరణములు వినిపిస్తాడు. కోడి కూత, చేట చప్పుడు, అన్నిటితో కూడ. పిల్లలు ఆ గాంధారము దగ్గర పడిపోతూ లేస్తూ నేర్చుకుంటున్నారు. మిగిలిన మూడు చరణములకు వాని పెద్దత్త ప్రక్కన కూర్చుని, "అట్ల గాదు బిడ్డా, ఇంకొంచెం దించు" అని చెబుతున్నది. ల్యాప్‌టాప్ అక్కడే ఉంటుంది, స్కేలు వరుసలు వెలుగుతూనే ఉంటాయి. పిల్లలు షడ్జమము తప్పితే దానిని చూచి సరిచేసుకుంటారు. తండ్రి కొడుకును చూచేచోటు వచ్చినప్పుడు మాత్రము తెర చూడరు, అత్త ముఖము చూస్తారు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. మీ ఇంటిలో అందరికంటె పెద్దవారిచేత వారికి ఇష్టమైన పాట ఒకటి పాడించండి. ఫోనులో పట్టండి. ఏమీ సరిచేయకండి. పేరు, తేదీ వ్రాసి దాచండి. తరువాత అందరూ కలిసి ఆ పాటనే వారి శ్రుతిలో పాడి ప్రార్థన ముగించండి.

మన స్వరములను ఎరిగిన దేవుడు, పిన్నలు పెద్దలు ఏకముగా పాడే కృపను మీ ఇండ్లకు, మీ సంఘములకు దయచేయును గాక. ఆమేన్.